రేవులో తొమ్మిదో నంబరు

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లోకి మచిలీపట్నం పేరు ఎక్కుతుంది. మధ్యాహ్నం ‘రేవులో ఎనిమిదో నంబరు ప్రమాద సూచిక’ అంటారు. సాయంత్రానికి ‘తొమ్మిదో నంబరు’ అంటారు. వినేవాళ్లకు తట్టే లెక్క ఒకటే: తొమ్మిది ఎనిమిది కన్నా పెద్దది, పది వస్తే అన్నిటికన్నా ఘోరం. పది ఇంకా ఎగరేయలేదు కదా, తెల్లారనిద్దాం అనుకుంటారు. ఈ లెక్క తప్పు. కానీ తప్పు విన్నవాళ్లది కాదు. ఆ అంకెలు వాళ్ల కోసం పెట్టినవి కావు, వాటి అర్థం ఎవరూ వాళ్లకు విప్పి చెప్పలేదు.

మన రేవుల్లో ఎగరేసే సూచికలు పదకొండు. పగలైతే స్తంభానికి కట్టిన శంకువు, స్తూపాకారపు బుట్టలు, రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. 1, 2 దూరాన నడిసముద్రంలో ఉన్న వాతావరణం గురించి చెబుతాయి. 3, 4 రేవుకే గాలి తాకిడి ఉండవచ్చని చెబుతాయి. 5, 6, 7 ‘ప్రమాదం’. 8, 9, 10 ‘మహా ప్రమాదం’. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అసలు సంగతి 8, 9, 10 దగ్గర ఉంది. ఆ మూడింటికీ తుపాను తీవ్రత ఒకటే, తేడా అంతా దారిలో. తుపాను ప్రయాణించే దారికి రేవు ఎడమ పక్కన ఉండబోతే 8. కుడి పక్కన ఉండబోతే 9. తుపాను రేవు మీదుగానో, రేవుకు బాగా దగ్గరగానో పోతే 10.

ఓడ కెప్టెనుకు ఈ సమాచారం బంగారం. గాలి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తిరగబోతోందో తెలిస్తే లంగరు ఎత్తాలా, దించాలా, ఓడను ఎటు నడపాలా అని తేల్చుకుంటాడు. తీరాన ఉన్న నాగాయలంక దగ్గర గుడిసెలో ఉన్న మనిషికి కూడా ఇదే సమాచారం ప్రాణం నిలిపేంత ముఖ్యం. అయితే అది ఆయనకు అందేటప్పటికి ఒట్టి అంకెగా మిగులుతోంది.

కుడి, ఎడమ అంత ముఖ్యం ఎందుకయ్యాయి? భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. దక్షిణం నుంచి ఉత్తరంగా వస్తున్న తుపాను చీరాల దగ్గర ఒడ్డు దాటుతోందనుకుందాం. దానికి కుడి పక్క తూర్పు, అంటే దివిసీమ, మచిలీపట్నం. ఆ పక్కన గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. పైగా తుపాను ముందుకు కదిలే వేగం కూడా ఆ పక్క గాలికే కలుస్తుంది. ఎడమ పక్కన నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అక్కడ సముద్రం వెనక్కి పోయినా పోవచ్చు. ఒకే తుపాను, ఒకే రాత్రి, ఎడమన నీళ్లు తగ్గుతాయి, కుడిన ఉప్పెన వస్తుంది.

ఉప్పెనను లేపేది గాలే. తుపాను నడిమధ్యన వాయుపీడనం తగ్గినందువల్ల కూడా సముద్రం కొంత ఉబ్బుతుంది గానీ, అది ఒక మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు లెక్కన. పీడనం అరవై డెబ్భై మిల్లీబార్లు పడిపోయినా మీటరు దాటదు. సాసర్లో టీ మీద గట్టిగా ఊదితే టీ అవతలి అంచుకు పోగుపడినట్టు, గంటల తరబడి ఒకే వైపుకు వీచే గాలి నీటిని ఒడ్డుకు తోసి పోగుచేస్తుంది. సముద్రం లోతుగా ఉంటే నీళ్లు అడుగు నుంచి వెనక్కి జారిపోతాయి. కృష్ణ తెచ్చిపోసిన మేటలతో ఈ తీరంలో సముద్రం చాలా దూరం లోతు తక్కువగా ఉంటుంది. జారిపోయే దారి లేక నీళ్లు పైకి లేస్తాయి. లేచినవాటికి అడ్డంగా గుట్ట అంటూ ఏదీ లేదు. పొలాలు సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున పరుచుకుని ఉంటాయి. అందుకే నీటి విషయంలో తొమ్మిదో నంబరు పదికి ఏమాత్రం తీసిపోదు, ఒక్కోసారి మించిపోతుంది కూడా.

ఈ సూచికల పుట్టుక చూస్తే అవి ఎవరి కోసమో తెలుస్తుంది. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. ఇంకా నెల తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, బందరు, అంటే మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. బందరులోను, చుట్టుపక్కల పల్లెల్లోను కలిపి దాదాపు 30,000 మంది పోయారని ఆనాటి లెక్క. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు రెండు శతాబ్దాలకు పైగా వ్యాపారం చేసిన పట్నం ఆ దెబ్బ నుంచి మళ్లీ మునుపటిలా లేవలేదు. మరుసటి ఏడు 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1886 నాటికి దేశంలోని రేవులన్నిటికీ హెచ్చరికలు విస్తరించాయి. ఓడకూ సరుకుకూ ముందుగా కబురు అందాలన్నది ఆ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన. ఒడ్డున గుడిసెలో ఉన్నవాళ్లకు ఎలా చెప్పాలన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఆ నిర్లక్ష్యానికి 1977 నవంబరు 19 శనివారం దివిసీమ మూల్యం చెల్లించింది. వారం క్రితమే, నవంబరు 12న, మరో తుపాను నాగపట్నాన్ని కొట్టింది. వెంటనే బంగాళాఖాతం ఆగ్నేయాన ఇంకొకటి పుట్టి, పడమరగా నడిచి, తర్వాత ఉత్తరానికి తిరిగింది. శనివారం సాయంత్రం చీరాల దగ్గర ఒడ్డు దాటింది. చీరాలకూ దివిసీమకూ మధ్య ఉన్నది 60 నుంచి 80 కిలోమీటర్లు, అదీ కుడి పక్కన. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం లోపలికి వచ్చింది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది, నాచుగుంట వంటి ఊళ్లు చెప్పలేనంత నష్టపోయాయి. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ పది వేల మంది. రోడ్లు, టెలిఫోను తీగలు తెగిపోయి, జరిగిన ఘోరం ఎంతటిదో బయటి లోకానికి పూర్తిగా తెలియడానికే రోజులు పట్టింది.

హెచ్చరికే లేదా అంటే, ఉంది. తుపాను వస్తున్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు, రేడియో చెప్పింది. కానీ ఆ రోజుల్లో తుపాను ప్రకటన అంటే ఫలానా జిల్లాల్లో భారీ వర్షాలు, పెనుగాలులు, జాలర్లు వేటకు వెళ్లవద్దు. గాలివాన అంటే ఈ సీమవాళ్లకు కొత్త కాదు. తలుపులు బిగించి, పశువులను కట్టేసి, చూరు కింద కూర్చుంటారు. గాలివానకు అదే సరైన పని. ఉప్పెనకు అది చావు. వచ్చేది ఆ రెండింటిలో ఏదో స్పష్టంగా చెప్పే మాట వాళ్లకు అందలేదు. ఇంకోటి, నవంబరు అంటే డెల్టాలో వరికోతలు మొదలయ్యే కాలం. పొరుగూళ్ల నుంచి కూలీలు దిగే రోజులు. చేలోనో కళ్లంలోనో తలదాచుకునేవాళ్ల దగ్గర రేడియో ఎక్కడిది? ఊరి వాళ్లకు చెప్పిన కబురు వాళ్ల దాకా పోవాలంటే ఎవరో ఒకరు నడిచి వెళ్లి చెప్పాలి.

దివిసీమ తర్వాత చాలా మారింది. మచిలీపట్నంలో తుపాన్లను కనిపెట్టే రాడారు వచ్చింది, తర్వాత దాని స్థానంలో డాప్లర్ రాడారు వచ్చింది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా తీరప్రాంతాల కార్యాలయాలకు హెచ్చరిక పంపే యంత్రాలు పెట్టారు. వాటిలో నాకు బాగా నచ్చే గుణం ఏమిటంటే, ప్రమాదం ఏ ప్రాంతానికో ఆ ప్రాంతపు యంత్రమే మోగేది. ముందు సైరను, ఆ వెంటనే ఆ ప్రాంతపు భాషలో మనిషి గొంతు. తీగలు తెగినా, మధ్యలో ఏ ఊళ్లో టెలిఫోను ఆపరేటరు లేకపోయినా కబురు ఆగదు. తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే ఒడ్డు దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. అందులో కబురుకు ఎంత భాగం, లారీలకూ షెల్టర్లకూ ఎంత భాగం అని విడదీసి చెప్పలేం. లారీ సిద్ధంగా ఉన్నా ఎక్కమన్న మాట నమ్మితేనే కదా మనిషి ఎక్కేది.

నమ్మకం ఎలా కుదురుతుందో శాస్త్రవేత్తలు శ్రద్ధగానే గమనించారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డెన్నిస్ మిలెటీ వంటివాళ్లు దశాబ్దాల పాటు చేసిన పరిశీలనలో తేలింది ఇది: హెచ్చరిక వినగానే లేచి పరుగెత్తేవాళ్లు చాలా తక్కువ. మొదట పక్కింటివాళ్లను అడుగుతారు. బయటికొచ్చి ఆకాశం చూస్తారు. చుట్టాలకు ఫోను చేస్తారు. రెండు మూడు చోట్ల నుంచి అదే మాట వినిపిస్తే కదులుతారు. అధికారులకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికిది తెలివైన మనిషి చేసే పనే. ఇల్లు వదిలి పోవడం చిన్న నిర్ణయమా? కాబట్టి హెచ్చరిక ఇచ్చేవాళ్లు ఈ విచారణకు పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. టీవీ, మైకు కట్టిన ఆటో, గుడి, చర్చి, మసీదు, డ్వాక్రా సంఘం, చేపల మార్కెట్టు, అన్ని చోట్లా ఒకే మాట వినిపించాలి. ఒకచోట ‘తీవ్ర తుపాను’ అని, ఇంకోచోట ‘బలహీనపడే అవకాశం’ అని వినపడితే మనిషి తనకు అనుకూలమైనదే పట్టుకుంటాడు. అది ఎవరమైనా చేసేదే.

ఇక ఆ మాట ఎలా ఉండాలి? ఈనాటికీ ప్రకటనల్లో వినపడే వాక్యం చూడండి: ‘తీవ్ర తుపాను మచిలీపట్నానికి ఆగ్నేయంగా 420 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది.’ ఇందులో అబద్ధమేమీ లేదు, ఉపయోగమూ లేదు. 420 కిలోమీటర్లంటే హైదరాబాదు దాటినంత దూరం, ఇప్పట్లో రాదులే అనిపిస్తుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున నడిస్తే అది 28 గంటలు. దాని గాలులు అంతకన్నా చాలా ముందే వస్తాయి. పడవలు కట్టేయాల్సిన సమయం అంతకన్నా ముందు. వినేవాడికి కావలసింది కిలోమీటర్లు కావు, ఎన్ని గంటలు మిగిలాయన్నది. గాలి వేగమూ అంతే. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను అన్నది శాఖవారి విభజన. తాటాకు కప్పు లేచిపోతుందా, రేకులు ఎగురుతాయా, కరెంటు స్తంభాలు ఒరుగుతాయా అన్నది ఇంట్లో ఉన్నవాళ్ల ప్రశ్న. వాతావరణం ఎలా ఉంటుందో కాదు, అది ఏం చేస్తుందో చెప్పాలని ప్రపంచ వాతావరణ సంస్థ 2015లో మార్గదర్శకాలు విడుదల చేసింది. మన శాఖ బులెటిన్లలో కూడా ఇప్పుడు జరగబోయే నష్టం, చేయవలసిన పనులు ఉంటున్నాయి. అవి మాత్రం తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లోకి రావు. అంకె వస్తుంది.

పైగా ఒకే జిల్లాగా పిలిచే సీమలో మూడు చోట్లకు మూడు మాటలు కావాలి. గుడివాడ సముద్రానికి దూరం. అక్కడి రైతుకు ఉప్పెన భయం లేదు, పనల మీద ఉన్న వరి భయం. ఈ రాత్రికే కుప్ప వేసుకోమనీ, బరకాలు సిద్ధం చేసుకోమనీ, మురుగు కాల్వల్లో గుర్రపుడెక్క తీయమనీ చెప్పాలి. మచిలీపట్నంలో గిలకలదిండి పడవలవాళ్లకు చెప్పవలసింది వేరు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవివాళ్లకు మరీ వేరు. వాళ్లు కృష్ణ పాయను పంటు మీద దాటాలి. గాలి ముదిరితే పంటు ఆగిపోతుంది. తుపాను ఒడ్డు దాటడానికి 12 గంటల ముందు అందిన హెచ్చరిక గుడివాడలో చాలినంత ముందే వచ్చినట్టు. దీవిలో అది ఆలస్యం.

ఇక్కడ శాస్త్రానికున్న హద్దును కూడా దాచకుండా చెప్పాలి. తుపాను ఎక్కడుంటుందో 24 గంటల ముందు వేసే అంచనాలో సగటు తేడా ఇటీవలి సంవత్సరాల్లో 75 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటోంది. రెండు దశాబ్దాల క్రితంతో పోలిస్తే దాదాపు సగం తగ్గింది, గొప్ప సాధనే. అయినా ఆ 75 కిలోమీటర్లు ఎంత? చీరాలకూ దివిసీమకూ ఉన్న దూరమంత. అంటే నిజాంపట్నం దగ్గర దాటుతుందన్న తుపాను ఇంకాస్త తూర్పుకు జరిగితే ఒక ఊరు కుడి నుంచి ఎడమకు మారిపోతుంది. అలా మారిన ఊళ్లో ఖాళీ చేసి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి ‘ఏదీ మీ ఉప్పెన’ అని అడుగుతారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. రెండు రోజుల కూలి పోయింది, కోళ్లు పోయాయి, షెల్టరులో పిల్లకు జ్వరం వచ్చింది. ‘ఈసారి పక్కకు పోయింది, మీరు కదలడం మంచిదే అయింది, మీ నష్టం మాకు తెలుసు’ అని వచ్చి చెప్పే మనిషి ఉంటే మరుసటి హెచ్చరికకు విలువ నిలుస్తుంది. ముందుగానే ‘రాకపోవచ్చు, వస్తే మాత్రం తప్పించుకునే వ్యవధి ఉండదు’ అని ఉన్నమాట చెబితే ఇంకా మంచిది. జనం అయోమయంలో పడతారని సందేహాన్ని దాచిపెట్టడం వాళ్లను తక్కువ అంచనా వేయడమే. రోజూ సముద్రంతో బేరమాడే జాలరికి ‘కావచ్చు, కాకపోవచ్చు’ అన్న మాట కొత్తదా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, అసలు కబురే చేరని మనుషుల సంగతి. సైరను చెవిటివాళ్లకు వినపడదు. తెర అడుగున పరుగెత్తే అక్షరాలు చూపులేనివాళ్లకు కనపడవు, చదువు రానివాళ్లకు అర్థం కావు. పుట్టు చెవిటివాళ్లలో చాలామందికి మొదటి భాష సైగల భాష. దాని వ్యాకరణం వేరు, రాతలోని తెలుగు వాళ్లకు నేర్చుకున్న రెండో భాష. కాబట్టి రాసి చూపితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 8వ సెక్షను ప్రకారం విపత్తు నిర్వహణ సంస్థలు తమ పనుల్లో వీళ్లను కలుపుకోవాలి, ముప్పు గురించి వాళ్లకు తెలియజేయడానికి తగిన చర్యలు తీసుకోవాలి. కాగితం మీద ఉన్న ఆ మాట హంసలదీవిలో ఒక ఇంటి తలుపు తట్టాలంటే, ఏ ఇంట్లో వినపడనివాళ్లున్నారో, ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ ఉందో, వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్లాలో ఎండాకాలంలోనే పేర్లతో రాసి ఉంచుకోవాలి. ఇలా చేయగలమనడానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. ప్రసవం దగ్గరపడిన గర్భిణులను తుపానుకు ముందే ఆసుపత్రులకు చేర్చడం ఇప్పుడు అలవాటుగా మారింది. ఆశా కార్యకర్త చేతిలో పేరు, నెల, తేదీ ఉన్న జాబితా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఊరికి ఎడంగా, కాల్వగట్ల మీద ఉండే యానాది గుడిసెలకు మైకు ఆటో పోయే దారే ఉండదు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లయితే తెలుగు ప్రకటన వాళ్లకు అర్థం కాదు. సెల్ టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే పద్ధతిని 2023లో దేశమంతటా పరీక్షించారు. నంబరు నమోదు చేసుకోనక్కర్లేదు, లైన్లు కిక్కిరిసిపోవడం ఉండదు, ఫోను పెద్దగా మోగడంతోపాటు అదురుతుంది కూడా. అదురు చెవిటివాళ్లకు పనికొస్తుంది. ఒడ్డుకు దూరంగా వేటలో ఉన్న పడవలకు సెల్ సిగ్నలు అందదు. వాళ్ల కోసం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ద్వారా ఉపగ్రహ సందేశాలు అందుకునే జెమినీ పరికరం 2019లో వచ్చింది.

పరికరాలన్నీ ఉన్నా మనిషి పని మిగిలే ఉంటుందని బంగ్లాదేశ్ నేర్పింది. 1970 భోలా తుపానులో లక్షల మంది పోయాక అక్కడ తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టారు. ఊరి మనుషులే వాలంటీర్లు. చేతిమైకు, సైకిలు, జెండాలు. ఒక జెండా అంటే జాగ్రత్త, మూడు జెండాలంటే కదలాలి. పరాయి మగవాళ్లు పిలిస్తే గడప దాటని ఆడవాళ్లకు ఆడ వాలంటీర్లే వెళ్లి చెప్పేలా తర్వాత మార్చుకున్నారు. ఈ ఒక్క మార్పు వెనక ఉన్న మర్యాద నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. రాని మనిషిని ‘మాట వినరు’ అని తిట్టకుండా, ఎందుకు రావడం లేదని అడిగారు.

మన దగ్గరా అడిగితే జవాబులు దొరుకుతాయి. గేదెను వదిలి రాలేనంటుంది ఒకావిడ, ఇంటి పూట గడిచేది దాని పాలతోనే. వలలు అప్పు చేసి కొన్నవి. షెల్టరులో మరుగుదొడ్డికి గొళ్లెం లేదు, ఎదిగిన పిల్లను అక్కడికి తీసుకుపోలేను. ఆ ఇళ్లవాళ్లు మమ్మల్ని పక్కన కూర్చోనివ్వరు. వీటిలో ఒక్కటి కూడా అజ్ఞానం కాదు. ప్రతిదానికీ ఒక పని ఉంది, ఆ పని చేసి ‘గేదెకు ఫలానా మెరక మీద చోటుంది పిన్నీ, మేతా పెట్టించాం, తోలుకురా’ అని చెబితే హెచ్చరిక సగం పూర్తయినట్టు.

ఎదురుమొండి వంటి దీవికి నేను రాయాల్సివస్తే ఇలా రాస్తాను: ‘దీవిలో ఉన్న అందరికీ కబురు. రేపు రాత్రి తుపాను మనకు పడమటగా ఒడ్డు దాటవచ్చు. అలా దాటితే సముద్రపు నీళ్లు మన ఇళ్ల చూరు దాకా రావచ్చు. గాలికి నిలిచిన ఇల్లు కూడా నీళ్లకు నిలవదు. పక్కకు తప్పిపోనూ వచ్చు, కానీ అది తెలిసేసరికి పంటు ఉండదు. పంటు రేపు మధ్యాహ్నం పన్నెండు వరకే. ముసలివాళ్లు, పిల్లల తల్లులు, నడవలేనివాళ్లు ఈ సాయంత్రమే రండి, రేవులో మనుషులున్నారు, ఎత్తుకొస్తారు. రేషను కార్డు, మందులు తెచ్చుకోండి. గొడ్లకు అవతలి ఒడ్డున చోటుంది. పక్కింట్లో ఈ మాట వినపడనివాళ్లుంటే చేయి పట్టుకుని తీసుకురండి.’ నంబరు లేదు, దిక్కుల పేర్లలో ఒక్క పడమర తప్ప ఏదీ లేదు. మైకులో నిమిషంలో చదవవచ్చు, సైగల్లో చెప్పవచ్చు, హిందీలోకో ఒడియాలోకో మార్చి చెరువుల దగ్గర వినిపించవచ్చు.

దీనికి జంటగా రెండో కబురు ఒకటి ఉండాలి, తిరిగి ఎప్పుడు రావచ్చన్నది. తుపాను కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది, కొన్నిసార్లు ఆకాశం తెరిపిస్తుంది. అయిపోయిందనుకుని గొడ్లను చూసుకోవడానికి మనుషులు బయటికి వస్తారు. కాసేపట్లోనే ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా గాలి మొదలవుతుంది. వాతావరణ శాఖ తన హెచ్చరికలను నాలుగు దశలుగా మార్చి, నాలుగో దశలో ఒడ్డు దాటాక పరిస్థితి ఎలా ఉంటుందో కూడా చెబుతోంది. అది ఎక్కువగా కలెక్టరు కార్యాలయాల దగ్గరే ఆగిపోతోంది. షెల్టరులో తడి బట్టలతో కూర్చున్నవాళ్లకు ఎవరో వచ్చి, గాలి ఆగింది గానీ ఇంకా మూడు గంటలు ఇక్కడే ఉండాలని, కరెంటు తీగలు తీసేదాకా ఫలానా దారిన పోవద్దని, బావి నీళ్లు ఉప్పగా మారి ఉంటాయి కాబట్టి ట్యాంకరు వచ్చేదాకా తాగవద్దని చెప్పాలి.